మే ఎండల్లో 5800ఎక్స్ ఓవర్‌క్లాక్: వేడి అదుపులో ఉంచి నిలకడగా నడపడం ఎలా?

ముహూర్తం_మిక్సింగ్ · నరసరావుపేట · మే 6, రాత్రి 11:20

అందరికీ నమస్తే. మాది పెళ్లి వీడియోల ఎడిటింగ్ రూమ్. సిస్టమ్ వివరాలు: ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, బీ550 బోర్డు, 32 జీబీ డీడీఆర్4 3600 ర్యామ్, ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, ఒక్క ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్. దసరా తర్వాత ఓవర్‌క్లాక్ చేశాం, అంటే బయోస్‌లో (బోర్డు సెట్టింగుల స్క్రీన్) కంపెనీ సెట్టింగ్ మార్చి అన్ని కోర్లనీ 4.6 గిగాహెర్ట్జ్, 1.3 వోల్ట్ల దగ్గర ఫిక్స్ చేశాం. మాఘమాసం ముహూర్తాలన్నీ ఏ పేచీ లేకుండా గడిచాయి.

ఏప్రిల్ నుంచి తలనొప్పి మొదలైంది. పెద్ద ఫైలు ఎక్స్‌పోర్ట్ పెడితే ముప్పావు వంతు అయ్యాక స్క్రీన్ నల్లబడి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. టెంపరేచర్ 93, 94 చూపిస్తోంది. ఇవతల పార్టీలు ఫోన్ల మీద ఫోన్లు. ఓవర్‌క్లాక్ మొత్తం తీసేయాలా, స్పీడు పోకుండా వేడి తగ్గించే దారి ఏమైనా ఉందా?

సింగరేణి_సీను · రామగుండం · మే 6, రాత్రి 11:48

తమ్ముడూ, ప్రాసెసర్ టెంపరేచర్ చెప్పావు, గది టెంపరేచర్ చెప్పలేదు. అది లేకుండా 93 అంటే మంచిదో చెడ్డదో చెప్పలేం. ఈ నాలుగూ చూసి పెట్టు:

– మధ్యాహ్నం మూడింటికి క్యాబినెట్ ముందు గాలి ఎన్ని డిగ్రీలుంది
– హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (సిస్టమ్ రీడింగులు చూపించే టూల్) లోడ్ మీద ఎస్‌వీఐ2 టీఎఫ్‌ఎన్ కోర్ వోల్టేజ్ ఎంత (బోర్డు చూపించే వీకోర్ కాదు, అది అటూ ఇటూ ఉంటుంది)
– ప్యాకేజ్ పవర్ ఎన్ని వాట్లు
– విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో రీస్టార్ట్ అయిన టైముకి వీయా లాగర్ ఎర్రర్ (హార్డ్‌వేర్ తప్పు జరిగిందని విండోస్ రాసుకునే నోట్) ఉందా, ఉంటే నంబర్ ఎంత

ముహూర్తం_మిక్సింగ్ · మే 7, సాయంత్రం 4:05

సీను అన్నా, ఇప్పుడే చూశాను. గది 39. ఏసీ లేదు, ఎయిర్ కూలర్ ఒకటుంది. దాన్ని సిస్టమ్ వైపే తిప్పి పెట్టాం. లోడ్ మీద 1.29 వోల్ట్లు, పవర్ 140 పైన. వీయా ఎర్రర్ 18 ఉంది. క్యాబినెట్ ముందంతా అద్దం, పక్కన సన్నటి సందు. దుమ్ము పడకుండా రాత్రి పూట పైన గుడ్డ కప్పుతాం, సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నప్పుడే లెండి.

గడియారం_మావయ్య · సికింద్రాబాద్ · మే 7, రాత్రి 9:30

బాబూ, నీ లెక్క చాలా సులువు. కూలర్ ఎంత మంచిదైనా ప్రాసెసర్‌ని గది కంటే చల్లగా ఉంచలేదు. గదికీ చిప్‌కీ మధ్య ఎంత తేడా నిలపగలదన్నదే దాని సత్తా. నీ కూలర్ 140 వాట్ల మీద సుమారు 54, 55 డిగ్రీల తేడా నిలుపుతోంది. మాఘంలో గది 26 ఉంటే చిప్ 80 దగ్గర ఉండి ఉంటుంది. ఇప్పుడు 39 కి అదే 54 కలుపు, 93 వచ్చింది. కూలర్‌కి ఏ జబ్బూ లేదు. ఈ చిప్‌కి ఏఎండీ ఇచ్చిన గరిష్ఠ టెంపరేచర్ 90. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అది ఇంకా రానే లేదు.

రెండో లెక్క వోల్టేజ్‌ది. చిప్ పుట్టించే వేడి ఫ్రీక్వెన్సీతో మామూలుగా పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గంలో పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్ 1.2 వోల్ట్ల మీద నడిచే చిప్‌ని 4.6, 1.3 కి తీసుకెళ్లావనుకో. స్పీడు పెరిగింది 2 శాతం. వేడి? 1.3 ని 1.2 తో భాగించి వర్గం చేస్తే 1.17, దాన్ని ఆ 2 శాతంతో గుణిస్తే 1.2. అంటే 2 శాతం స్పీడుకి 20 శాతం వేడి కొనుక్కున్నావు. చిప్ వేడెక్కిన కొద్దీ లీకేజీ కరెంటు కూడా పెరుగుతుంది కాబట్టి అసలు బిల్లు ఇంకాస్త ఎక్కువే.

పైగా 5800ఎక్స్ స్వతహాగా వేడి చిప్. ఎనిమిది కోర్లూ ఒకే చిన్న ముక్కలో ఉంటాయి, ఆ ముక్క విస్తీర్ణం 81 చదరపు మిల్లీమీటర్ల లోపే. పైగా మూత మధ్యలో కూడా ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. కంపెనీ లిమిట్ 142 వాట్లలో ఎక్కువ భాగం అంత చిన్న చోటు నుంచి బయటికి రావాలి. అందుకే దీని మీద ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఓ హద్దు దాటాక పెద్ద లాభం కనిపించదు.

మా రోజుల్లో సంగతి వేరు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అనే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ బస్ స్పీడుని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 450 మెగాహెర్ట్జ్ మీద నడిచేది. ఊరికే వచ్చిన 50 శాతం! బోర్డు ఒప్పుకోకపోతే బీ21 పిన్ను మీద టేపు ముక్క అంటించేవాళ్లం. ఇప్పుడు ఆ మిగులు మొత్తం కంపెనీ వాళ్లే బూస్ట్ పేరుతో వాడేసి అమ్ముతున్నారు. నీ 5800ఎక్స్ 4.7 దాకా తనంతట తనే వెళ్తుంది, నువ్వు 4.6 కి కట్టేశావు. ఒక కోర్ మీద నడిచే పనుల్లో నువ్వు స్పీడు పోగొట్టుకున్నావు కూడా.

బూస్ట్_బాబి · కూకట్‌పల్లి · మే 7, రాత్రి 10:12

మావయ్య గారు ఎప్పుడూ భయపెడతారు 😀 బ్రో, ఆ ఒంటి ఫ్యాన్ కూలర్ తీసి అవతల పారేయ్. 360 లిక్విడ్ కూలర్ వేసుకో. నాది ఇదే చిప్, 4.7 ఆల్ కోర్, స్పీడు పరీక్ష టూల్ సినీబెంచ్ ఆర్23 లో 80 లోపే.

సింగరేణి_సీను · మే 7, రాత్రి 10:20

> సినీబెంచ్ ఆర్23 లో 80 లోపే

ఏసీ ఎంతలో పెట్టి?

బూస్ట్_బాబి · మే 7, రాత్రి 10:24

24. అయితే ఏంటి, అందరూ ఏసీ పెట్టుకోరా?

సుధ_వైజాగ్ · మే 7, రాత్రి 10:51

బాబి గారు, లిక్విడ్ కూలర్ బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ నీళ్లు చల్లారేది కూడా గది గాలితోనే. 39 డిగ్రీల గదిలో గంటల తరబడి రెండర్ నడిస్తే నీళ్లు మెల్లగా వేడెక్కి ఒక చోట నిలబడతాయి. పది నిమిషాల సినీబెంచ్‌లో అవి ఇంకా వేడెక్కుతూనే ఉంటాయి కాబట్టి ఆ నంబర్ చూసి మురిసిపోకూడదు. ఎడిటింగ్ రూముల్లో ఇంకో చిక్కుంది. టవర్ కూలర్ గాలి పక్కనే ఉన్న వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి వోల్టేజ్ అందించే భాగం) మీదుగా పోతుంది. రేడియేటర్ పైకి వెళ్లిపోతే ఆ చోట గాలే ఆడదు. చిప్ చల్లగా ఉంది కదా అనుకుంటాం, అక్కడ వీఆర్‌ఎం హీట్‌సింక్ మీద వేలు నిలవదు.

ముహూర్తం గారు, డబ్బు ఖర్చు పెట్టే ముందు మీ క్యాబినెట్ సంగతి తేల్చండి. ముందు అద్దం ఉన్నవాటితోనే సగం గొడవ. ఒక అగరుబత్తి వెలిగించి ముందు సందు దగ్గర పట్టుకోండి. పొగ చటుక్కున లోపలికి పోతే సరే. అక్కడే సుడి తిరుగుతూ ఉంటే ముందు ఫ్యాన్లకి గాలి అందట్లేదు. తర్వాత వెనక ఎగ్జాస్ట్ పైన పట్టుకుని, వేడి గాలి గోడకి తగిలి మళ్లీ ముందుకే వస్తోందేమో చూడండి. మీ గ్రాఫిక్స్ కార్డు ఇంకో 170 వాట్లు అదే పెట్టెలో వదులుతుందని మర్చిపోకండి. రెండూ కలిస్తే 300 వాట్ల హీటర్ గదిలో పెట్టుకున్నట్టే. పైన వెంటిలేటర్ దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే సిస్టమ్‌లో వెయ్యి రూపాయలు పెట్టిన దాని కంటే ఎక్కువ ఫలితం.

ఇంకొకటి. ఎయిర్ కూలర్‌ని నేరుగా సిస్టమ్ మీదికి తిప్పకండి! ఆ గాలిలో తేమతో పాటు బోరు నీళ్ల ఉప్పు తుంపర కూడా వస్తుంది. బోర్డు మీద తెల్లగా పొర కట్టిన సిస్టమ్‌లు చూశాను. గది చల్లబడేలా పక్కకి తిప్పి, ఒక కిటికీ తెరిచి పెట్టండి.

కొత్త_కుర్రోడు · తాడేపల్లిగూడెం · మే 8, ఉదయం 7:40

మధ్యలో దూరుతున్నందుకు సారీ అన్నా. నాది ఐ5 12400ఎఫ్, బీ660 బోర్డు. నేను కూడా ఓవర్‌క్లాక్ చేయొచ్చా?

సింగరేణి_సీను · మే 8, ఉదయం 8:02

కుదరదు, దాని మల్టిప్లయర్ (స్పీడు పెంచే గుణకం) లాక్. ఇంటెల్‌లో పేరు చివర కే అక్షరం ఉన్న చిప్, జెడ్ సిరీస్ బోర్డు రెండూ ఉండాలి. నీది గరిష్ఠంగా 117 వాట్ల చిప్. బయోస్‌లో పవర్ లిమిట్ దాని దగ్గర ఉంచి, ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ (దాని మీద రాసి ఉన్న స్పీడుకి నడిపే ప్రొఫైల్) ఆన్ చేసి హాయిగా ఆడుకో.

సింగరేణి_సీను · మే 8, ఉదయం 8:45

ఇక ముహూర్తం తమ్ముడికి. మావయ్య గారు ఎందుకో చెప్పారు, నేను ఎలాగో చెప్తాను. మా ఊళ్లో కూడా ఎండలు నీకేం తీసిపోవు. ఐదారు సిస్టమ్‌లకి ఇలాగే సెట్ చేశాను.

మొదట ఆ 4.6 ఫిక్స్‌డ్ సెట్టింగ్ తీసేసి బయోస్ డిఫాల్ట్‌కి వెళ్లు. ర్యామ్ ప్రొఫైల్ మాత్రం ఆన్ చేసుకో. బయోస్ పాతదైతే అప్‌డేట్ చెయ్. కర్వ్ ఆప్టిమైజర్ (ఒక్కో కోర్‌కి వోల్టేజ్ సర్దే సెట్టింగ్) అనేది ఈ 5000 సిరీస్ వచ్చిన కొన్నాళ్లకి బయోస్ అప్‌డేట్లలోనే వచ్చింది.

తర్వాత పీబీఓని (ఏఎండీ బూస్ట్ లిమిట్లు మార్చే సెట్టింగ్) అడ్వాన్స్‌డ్‌లో పెట్టు. ఈ చిప్‌కి కంపెనీ లిమిట్లు: పీపీటీ (మొత్తం పవర్) 142 వాట్లు, టీడీసీ (నిలకడగా తీసుకునే కరెంటు) 95 ఆంపియర్లు, ఈడీసీ (క్షణకాలం ఎగిరే కరెంటు) 140 ఆంపియర్లు. పీబీఓ అంటే అందరూ వీటిని పెంచడమే అనుకుంటారు. తగ్గించుకోవడానికి కూడా అదే చోటు. నీ గదికి పీపీటీ 115, టీడీసీ 80, ఈడీసీ 120 తో మొదలుపెట్టు. స్పీడు కొంచెం తగ్గుతుంది, కంగారు పడకు. దాన్ని కర్వ్‌తో వెనక్కి లాక్కుంటాం.

కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో కోర్‌కి నెగెటివ్ నంబర్ ఇస్తాం. ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్ట్లు తగ్గుతుంది, 30 వరకూ వెళ్లొచ్చు. తక్కువ వోల్టేజ్ కాబట్టి అదే వాట్లలో ఎక్కువ ఫ్రీక్వెన్సీ దొరుకుతుంది. ఫిక్స్‌డ్ ఓవర్‌క్లాక్ చిప్‌ని బలవంతంగా తోస్తుంది, ఇది దాని మీద బరువు తీసేస్తుంది.

ఇక్కడ అందరూ తడబడేది ఒకటుంది. అన్ని కోర్లకీ మైనస్ 30 పెట్టి, సినీబెంచ్ పాస్ అయింది కదా అని పండగ చేసుకుంటారు. కర్వ్ తప్పుగా ఉంటే లోడ్ మీద పడిపోదు. బ్రౌజర్ తెరిచి ఊరికే కూర్చున్నప్పుడు, ఒకే ఒక్క కోర్ గరిష్ఠ స్పీడు దాకా ఎగిరినప్పుడు పడిపోతుంది. అది కూడా చల్లటి రాత్రి పూట ఎక్కువ, ఎందుకంటే చల్లగా ఉంటే చిప్ ఇంకాస్త పైకి బూస్ట్ అవుతుంది. ఫిక్స్‌డ్ సెట్టింగ్‌కి పరీక్ష మే నెల, కర్వ్‌కి పరీక్ష డిసెంబర్.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కోర్లకి ర్యాంకులు కనిపిస్తాయి. మొదటి రెండు ర్యాంకుల కోర్లకి మైనస్ 8, మిగతావాటికి మైనస్ 18 పెట్టి మొదలుపెట్టు. మంచి కోర్లకి తక్కువ ఎందుకంటే, కంపెనీ వాళ్లే వాటిని అంచు దాకా తోసి పంపిస్తారు. తర్వాత కోర్‌సైక్లర్ అనే ఉచిత టూల్ రాత్రంతా నడవనివ్వు. అది ప్రైమ్95 ని ఒక్కో కోర్ మీద విడిగా నడిపిస్తుంది. ఏ కోర్ తప్పితే దానికి మూడు నాలుగు అంకెలు వెనక్కి రా.

స్క్రీన్ మీద కనిపించే క్లాక్‌ని నమ్మకు, ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా నడిచిన స్పీడు) చూడు. వోల్టేజ్ చాలకపోతే చిప్ క్రాష్ అవకుండా లోపల లోపల నెమ్మదిస్తుంది. మామూలు క్లాక్ 4.6 చూపిస్తుంటుంది, ఎఫెక్టివ్ 4.3 ఉంటుంది. ఫుల్ లోడ్ మీద రెండూ దగ్గరగా లేవంటే నీ స్కోర్ ఉత్తదే.

కంపెనీ వారంటీ పీబీఓ వల్ల వచ్చిన నష్టానికి వర్తించదని కూడా తెలుసుకో. లిమిట్లు తగ్గించి వాడినా ఆ హెచ్చరిక స్క్రీన్ వస్తుంది.

బూస్ట్_బాబి · మే 8, ఉదయం 9:10

ఇంత కష్టం దేనికి, ఎకో మోడ్ 65 వాట్లు నొక్కితే అయిపోదా? పీపీటీ 88 అవుతుంది.

సింగరేణి_సీను · మే 8, ఉదయం 9:31

గేములకైతే నీ మాటే కరెక్ట్, తేడా పెద్దగా తెలీదు. వీళ్లది ఎనిమిది కోర్లూ గంటలు గంటలు నలిగే పని. 88 లో ఎక్స్‌పోర్ట్ టైము స్పష్టంగా పెరుగుతుంది.

ముహూర్తం_మిక్సింగ్ · మే 11, రాత్రి 10:15

సీను అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. అగరుబత్తి పొగ అద్దం ముందే ఆగిపోయింది సుధక్కా! ముందు ప్యానెల్ తీసేసి సన్నటి మెష్ బిగించాం. ఎయిర్ కూలర్ పక్కకి తిప్పాం. గది 38 ఉండగా ఎక్స్‌పోర్ట్‌లో ఇప్పుడు 79–81 మధ్య. ఎఫెక్టివ్ క్లాక్ 4.45 దగ్గర నిలబడుతోంది.

కానీ నిన్న రాత్రి లోడ్ ఏమీ లేనప్పుడు, ఫైళ్లు కాపీ అవుతుంటే ఒకసారి రీస్టార్ట్ అయింది. వీయా 18 మళ్లీ. కింద ప్రాసెసర్ ఏపిక్ ఐడీ 6 అని ఉంది. కోర్‌సైక్లర్ ఇంకా పూర్తిగా నడపలేదు, పగలంతా పనే.

సింగరేణి_సీను · మే 11, రాత్రి 10:22

నేను చెప్పిన తేలిక లోడ్ రకమే ఇది. నీ చిప్‌లో ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు, కాబట్టి ఆ ఐడీని రెండుతో భాగించు. 6 అంటే కోర్ 3. మిగతావి ముట్టుకోకుండా దాన్ని ఒక్కదాన్ని మైనస్ 18 నుంచి మైనస్ 12 కి తీసుకురా. ఐడీ 7 వచ్చినా అదే కోర్. కోర్‌సైక్లర్ మాత్రం ఎగ్గొట్టకు.

డల్లాస్_దత్తు · టెక్సాస్ · మే 12, ఉదయం 6:50

ఇక్కడ కూడా బయట ఎండ మండుతోంది, కాకపోతే ఇల్లంతా ఏసీ కాబట్టి గది 25 దాటదు. ఇంటెల్ 13, 14 తరాల వాళ్లు ఈ దారం (థ్రెడ్) చదువుతుంటే ఒక మాట. ఓవర్‌క్లాక్ గురించి ఆలోచించే ముందు బయోస్ అప్‌డేట్ చేసుకోండి. ఆ తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో వోల్టేజ్ అవసరానికి మించి పెరిగి చిప్ అరిగిపోయే సమస్యని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చింది. వారంటీ ఇంకో రెండేళ్లు పొడిగించింది. ఆ అప్‌డేట్ నష్టాన్ని ఆపుతుంది, ఇప్పటికే అరిగిన చిప్‌ని బాగుచేయదు.

నాది 14700కే. 253 వాట్ల లిమిట్ అలాగే ఉంచాను. బోర్డు వాళ్లు కొన్నిట్లో లిమిట్ 4095 వాట్లని పెట్టి అమ్మేవాళ్లు, అంటే లిమిట్ లేనట్టే. అది ముందు చూసుకోండి.

గడియారం_మావయ్య · మే 12, ఉదయం 8:15

దత్తు చెప్పింది వింటే బాబికి అర్థమవ్వాలి. వేడి ఒక్కటే చంపదు. వోల్టేజ్, కరెంటు, వేడి మూడూ కలిసి చంపుతాయి. 80 డిగ్రీల్లో ఉన్నా అన్ని కోర్ల లోడ్ మీద 1.4 వోల్ట్లు ఏళ్ల తరబడి ఇస్తే చిప్ అరుగుతుంది. అదే రైజెన్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక కోర్ మీద 1.45 చూపిస్తే అది మామూలే, అప్పుడు కరెంటు తక్కువ. ఆ నంబర్ చూసి కొత్తవాళ్లు హడలిపోయి బయోస్‌లో ఏదేదో నొక్కుతుంటారు.

బూస్ట్_బాబి · మే 12, ఉదయం 8:40

నాది లోడ్ మీద 1.34 మావయ్యా. ఆలోచిస్తాలే 😅

ముహూర్తం_మిక్సింగ్ · మే 14, మధ్యాహ్నం 1:30

కోర్ 3 మార్చాక ఆ రీస్టార్ట్ మళ్లీ రాలేదు. కోర్‌సైక్లర్‌లో కోర్ 5 ఒకసారి తప్పింది, దాన్నీ తగ్గించాం. ఆదివారం పేస్ట్ మారుద్దామనుకుంటున్నాం, కొన్నప్పుడు వేసిందే. కూలర్ విప్పడంలో చూసుకోవాల్సిందేమైనా ఉందా?

సుధ_వైజాగ్ · మే 14, మధ్యాహ్నం 2:04

చాలా ఉంది! మీది ఏఎం4 సాకెట్. పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, పైన మూత బిగించే ఫ్రేమ్ ఉండదు. ఎండిన పేస్ట్ జిగురులా పట్టుకుంటుంది. కూలర్‌ని నిలువుగా లాగితే లివర్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూడా ఊడి దాంతో పాటే వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. కాబట్టి ముందు పావుగంట రెండర్ నడిపి వేడి చేయండి. ఆఫ్ చేసి ప్లగ్ పీకి, స్క్రూలు కొంచెం కొంచెంగా అటొకటి ఇటొకటి వదులు చేయండి. తర్వాత కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు పైకి తీయండి. అప్పటికీ పిన్ను వంగితే మైక్రోటిప్ పెన్సిల్ మూతిలో పిన్ను దూర్చి నిదానంగా నిలబెట్టొచ్చు.

పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది మధ్యలో శనగగింజంత వేస్తే చాలు. పనిలో పనిగా బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి. గాలికి అది పిచ్చిగా తిరిగితే బేరింగ్ పోతుంది.

సింగరేణి_సీను · మే 14, మధ్యాహ్నం 2:20

యూపీఎస్ ఎంతది? మామూలు 600 వీఏ అంటే 360 వాట్లే. రెండర్ మధ్యలో కరెంటు పోతే ప్రాసెసర్, కార్డు, మానిటర్లు కలిపి అది మోయలేక ట్రిప్ అవుతుంది. దాన్ని కూడా ఓవర్‌క్లాక్ క్రాష్ అనుకుని వోల్టేజ్ పెంచేవాళ్లున్నారు. వీయా ఎర్రర్ లేకుండా ఒట్టి కెర్నల్ పవర్ 41 (సిస్టమ్ హఠాత్తుగా ఆగిపోయిందన్న నోట్) మాత్రమే ఉంటే ముందు యూపీఎస్‌నీ ఎస్‌ఎంపీఎస్‌నీ (క్యాబినెట్ లోపలి పవర్ సప్లై) అనుమానించు.

ముహూర్తం_మిక్సింగ్ · మే 18, రాత్రి 9:55

పేస్ట్ మార్చాం, ప్రాసెసర్ సాకెట్‌లోనే ఉంది 🙏 యూపీఎస్ 1100 వీఏ, ఫర్వాలేదు.

ఇప్పుడున్న సెట్టింగ్, ఎవరికైనా పనికొస్తుందని పెడుతున్నా: పీపీటీ 118, టీడీసీ 80, ఈడీసీ 120. కర్వ్ మంచి కోర్లు రెండూ మైనస్ 8, కోర్ 3 మైనస్ 12, కోర్ 5 మైనస్ 14, మిగతావి మైనస్ 18. టెంపరేచర్ లిమిట్ బయోస్‌లో 85. ఇవాళ గది 40 దాటింది, ఎక్స్‌పోర్ట్‌లో 80 మించలేదు. పాత 4.6 తో పోలిస్తే ఒక పెళ్లి ఫైలుకి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుందేమో, కానీ మొదటిసారే పూర్తవుతోంది.

ర్యామ్‌ని 3600 నుంచి 3800 కి పెంచితే ఆ రెండు నిమిషాలు వెనక్కి వస్తాయా?

సింగరేణి_సీను · మే 18, రాత్రి 10:10

దాని కోసం ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్‌ని (ప్రాసెసర్ లోపలి ముక్కల్ని కలిపే దారి) 1900 మెగాహెర్ట్జ్ మీద నడపాలి. అన్ని చిప్‌లకీ అది పట్టదు, పట్టినట్టు కనిపించి వీయా 19 లు కురిపించేవి కూడా ఉన్నాయి. ముహూర్తాలు అయ్యేదాకా ర్యామ్ జోలికి పోకు. ఆషాఢంలో ఖాళీగా ఉంటావుగా, అప్పుడు వేరే దారం తెరువు.

బూస్ట్_బాబి · మే 18, రాత్రి 10:31

నేనూ కర్వ్ పెట్టి చూశాను. ఆల్ కోర్ 4.55, లోడ్ మీద పన్నెండు డిగ్రీలు తగ్గింది. స్కోర్ మాత్రం 300 పడింది, అదే బాధ. సీను అన్నా, మంచి కోర్లకి మైనస్ 15 దాకా వెళ్లొచ్చా?

సింగరేణి_సీను · మే 18, రాత్రి 10:34

కోర్‌సైక్లర్‌ని అడుగు.